గొళ్లెం వెనక గొంతు

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. అశోక్ చౌక్‌లోని స్టూడియోలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరిదో పెళ్లి వీడియో ఎడిట్ చేస్తుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దమ్మ పాయెనే బిడ్డా, జల్ది రా" అన్నది. వీడియో అలాగే వదిలేసి బయల్దేరాను.

మేముండేది సోలాపూర్‌లో బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో. అక్కడ మా వరండాలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఆమె కథలు చదివి వినిపించేది. మేం మాట్లాడేది తెలుగే అయినా చదివింది మరాఠీ బళ్లలో. చాలామందికి తెలుగు అక్షరం రాదు. ఇప్పుడు మీకు రాస్తున్న ఈ అక్షరాలు కూడా ఆమె నాకు పలక మీద దిద్దించినవే. ఆమె చదువుతుంటే, ఆమె లెక్క తగ్గకుండా తక్కినవాళ్లు తలా కొన్ని బీడీలు చుట్టి ఆమె చాటలో వేసేవారు. "చదివేటోళ్లకు తొందరుండొద్దే. తొందరంత చుట్టేటోళ్ల చేతులకే" అనేది. నాలుక తడబడితే సిగ్గుపడేది కాదు. "పోగు తెగితే ముడేసుకోని నేసుడే" అంటూ ఆ వాక్యం మళ్లీ మొదటినుంచి అందుకునేది.

తరువాత ఆమెకు ఊపిరి పట్టేయడం మొదలైంది. తంబాకు దుమ్ము పడదని, బీడీలు చుట్టే చోటికి పోనే పోవద్దని డాక్టరు చెప్పాడు. పెద్దమ్మ తలుపేసుకుని లోపలే కూర్చునేది. పెళ్లయిన కొత్తలో కుంఠా నాకా దగ్గర మరమగ్గాల మోత పక్కన కాపురం చేసినప్పుడే ఆమె చెవులు మందగించాయి. వరండాలో అందరూ నవ్వుతున్నారని తెలిసేది గానీ ఎందుకో తెలిసేది కాదు. "జైల్ల వడ్డట్టున్నది బిడ్డా" అన్నది ఒకరోజు.

కథలు రికార్డు చేసి వాళ్ల ఫోన్లకు పంపుదామన్నాను. స్టూడియోలో మూలన పడేసిన కంప్యూటరు, ఒక మైకు తెచ్చి ఆమె గదిలో పెట్టాను. మా ఘర్కుల్‌లో మూసిన తలుపుకు మర్యాద లేదు, ఎవరైనా తోసుకుని వచ్చేస్తారు. అందుకని మా అమ్మ చేత బయటినుంచి గొళ్లెం పెట్టించేది. చప్పుడు పడకుండా కిటికీ మూత, ఫ్యాను బంద్, పైగా సోలాపూర్ ఎండ. పక్కన కూర్చున్న నాకే ఊపిరాడేది కాదు.

హెడ్‌ఫోన్లు లేకుండా చదివితే తన గొంతు తనకు వినబడక అరిచేది. రికార్డులో మాట పగిలిపోయేది. హెడ్‌ఫోన్లు పెడితే ఇంకో కష్టం. రెండు మాటలు చదివేసరికి ఆగేది, మూడో మాట సాగదీసేది, నాలుగోది మింగేసేది. నాలుగు వాక్యాలకే పుస్తకం మూసేసింది.

"నోరు తిరుగుతలేదే. మా అవ్వకు గిట్లనే అయింది. మాట పడిపాయె, ఎనుకనే మనిషి పాయె. ఇగ నన్ను చదువుమని అడగకు."

నాకు భయమేసింది. ఏం తోచక ఆ హెడ్‌ఫోన్లు నేను పెట్టుకుని మైకులో మాట్లాడి చూశాను. నాకూ నత్తి వచ్చింది! మన గొంతు కంప్యూటరులోకి పోయి, అక్కడ షికారు చేసి, తీరిగ్గా చెవికి చేరుతోంది. నోరు ముందు, చెవి వెనక.

"నీ నోటికేం కాలేదు పెద్దమ్మా, పక్షవాతం ఈ డబ్బాకు" అన్నాను. నమ్మలేదు.

అవి వైరు లేని హెడ్‌ఫోన్లు. వైరువి తగిలిస్తే ఆలస్యం తగ్గింది గానీ పోలేదు. కంప్యూటరు శబ్దాన్ని కొంత పోగుచేసుకుని గానీ వదలదు. ఆ కొంతనే బఫర్ అంటారు. దాన్ని తగ్గిస్తే పాత యంత్రం అందుకోలేక చిటపటలాడింది. చివరికి మైకుకే హెడ్‌ఫోన్లు గుచ్చే రంధ్రం ఉన్నట్టు కనబడింది. అక్కడ గుచ్చితే గొంతు కంప్యూటరు దాకా పోకుండా నేరుగా చెవికి వస్తుంది. గుచ్చి ఆమెకు పెట్టాను.

"ఇద్దరు మాట్లాడుతుండ్రే!" అన్నది.

కంప్యూటరు కూడా ఆమె గొంతునే ఆలస్యంగా వినిపిస్తూ ఉంది మరి. రికార్డింగు సాఫ్ట్‌వేరులో దాన్ని ఆపేశాను. మళ్లీ చదవమన్నాను. ఒక వాక్యం చదివింది. ఇంకొకటి. పేజీ తిప్పింది. చదువుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది గానీ ఆగలేదు.

ఆనాటినుంచి దాదాపు రోజూ కథ. ముగియగానే తలుపువైపు తిరిగి మా అమ్మను కేకేసేది: "అయిపోయింది. గొళ్లెం తియ్యి చెల్లే." ఆ మాట కోసేసి కథ వరకే అందరికీ పంపేదాన్ని. గొంతు వరండాలోకి వెళ్లింది గానీ ఆమె ఆ గది దాటలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

పెద్దమ్మ పోయాక ఆమె చివరగా చదివిన కథ కావాలన్నారందరూ. అందులో ఆ చివరి మాట కోయడానికి చేతులు రాలేదు, ఉన్నదున్నట్టే పెట్టాను. వరండాలో ఫోను మధ్యన పెట్టుకుని బీడీలు చుడుతూ విన్నారు. కథ ముగిసింది. కొంచెం దగ్గు వినబడింది. తరువాత, "అయిపోయింది. గొళ్లెం తియ్యి చెల్లే."

మా అమ్మ ఒళ్లోని చాట కింద పెట్టి గబగబా లేచి ఎదురింటికి వెళ్లింది. తలుపు బార్లా తెరిచే ఉంది. వేలాడుతున్న గొళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.