పంతులమ్మ గారి కొత్త పొయ్యి

ఆ పల్లెవాళ్ళు నన్ను ఎంతో మర్యాదగా దింపుకున్నారు. నా కోపం ఆ మర్యాద దగ్గరే మొదలైంది.

పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. ఏలూరులో మిషను బోర్డింగులో పెరిగి, టీచరు ట్రైనింగు ముగించుకున్న నన్ను కొల్లేటి ఒడ్డున, కైకలూరుకి అవతల ఉన్న ఒక క్రైస్తవ పల్లెలో బడికి వేశారు. నాకు ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. నాన్న నన్ను బోర్డింగులో చేర్చి, సెలవులకి తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి దింపేవాడు. బోర్డింగులో వంటకి వేరే మనుషులుండేవారు. బియ్యంలో రాళ్ళు ఏరడం వరకే మా పని. ఆ తరవాత ఆ బియ్యం ఏమయ్యేదో, అన్నమై మా పళ్ళాల్లోకి ఎలా వచ్చేదో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. భిన్నాలు చెప్పమంటే చెబుతాను. పద్యానికి ప్రతిపదార్థం చెబుతాను. ఎసట్లో బియ్యం ఎప్పుడు పోయాలో మాత్రం నాకు తెలీదు.

తాటిదోనెలో నా ట్రంకుపెట్టె, చాప, దుప్పటి వేసుకుని దిగేసరికి సంఘం పెద్ద గారు, ఆయన వెనకాల పదిమంది మగవాళ్ళు గట్టున నిలబడి ఉన్నారు. పెద్ద గారు నెరిసిన మీసాల మనిషి, మాట మెత్తన. బడి పక్కనే ఉన్న తాటాకు ఇంటికి తీసుకెళ్ళి, వసారాలో ఒక మూల చూపించారు.

“మీకోసం కొత్త పొయ్యి వేయించామండీ పంతులమ్మ గారూ. ఈ ఇంట్లో పొయ్యి లేదు ఇదివరకు.”

ఎర్రమట్టితో చక్కగా అలికి, అంచులకి సున్నం పూసిన పొయ్యి. పక్కన కొత్త కుండలు, కట్టెల మోపు. నాకు సంతోషమే వేసింది. ఆ తరవాతే ఒక అనుమానం వచ్చింది.

“మరి నాకు ముందున్న మాస్టారు ఎక్కడ వండుకునేవారండీ?”

“ఆయన వండుకోవడమేమిటండీ!” అని అందరూ నవ్వారు. “పూటకో ఇల్లు చొప్పున మేమే పెట్టేవాళ్ళం. మగమనిషి, ఒంటరిగాడు, ఏం తింటాడు పాపం?”

“మరి నాకూ అలాగే...”

“మీకెందుకండీ? మీరు ఆడవారు కదా!” అన్నారు పెద్ద గారు. నన్ను పొగుడుతున్నట్టే అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ కొత్త పొయ్యి ముందు కూర్చున్నాను. కుండలో సగానికి బియ్యం పోశాను. దానిమీద నిండా నీళ్ళు పోశాను. కట్టెలకి కొల్లేటి తేమ పట్టి ఉంది, ఊదితే పొగ నా మొహానికే కొట్టింది. ఎలాగో మంట అంటుకున్నాక, హమ్మయ్య అని లేచి జడ వేసుకుంటున్నాను. బుస్సుమని చప్పుడు. గంజి పొంగి పొయ్యిలో పడి మంట ఆరిపోయింది. మళ్ళీ ఊదాను, మళ్ళీ పొంగింది. మూత తీయాలని తట్టలేదు. చివరికి దించి చూస్తే అడుగున నల్లగా మాడి ఉంది, మధ్యలో ముద్ద, పైన పలుకు. ఒక్క కుండలో అన్ని రకాల అన్నం ఎలా తయారైందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బడి గంట కొట్టే వేళయింది. ఆ ముద్దని మజ్జిగలో పిసుక్కుని మింగి, కళ్ళు ఎర్రగా ఉండగానే బడికి వెళ్ళాను. పిల్లలు నన్ను చూసి ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు.

అప్పటినుంచి అదే బతుకు. ఒకరోజు పప్పు ఉడకదు. ఒకరోజు వంకాయలు ఉడికి ఉడికి కనిపించకుండా పోతాయి. చారులో ఉప్పు వేశానో లేదో గుర్తురాక మళ్ళీ వేస్తాను. వీధిన పోయే ప్రతివాళ్ళూ వసారాలోకి తొంగిచూసి “ఏం వండారండీ?” అని అడుగుతారు. చెప్పాలా? చెప్పక్కర్లేదు, వాసన ముందే వీధిలోకి వెళ్ళిపోయేది.

మా పక్కింటావిడకి నామీద జాలి. గట్టి మనిషి, నలుగురు పిల్లల తల్లి, మాట్లాడితే ఊరంతా వినిపించేది. ఒక సాయంత్రం ఒక చిన్న కుండ తెచ్చి నా ముందు పెట్టింది.

“కొర్రమీనండీ. మా ఆయన ఇప్పుడే తెచ్చాడు. పులుసు పెట్టుకోండి, ఒంటికి మంచిది.”

మూత తీసి చూస్తే అది బతికే ఉంది. నల్లగా, నా ముంజేయంత పొడుగున, నన్నే చూస్తోంది. నాకు తెలిసిన చేపలన్నీ పులుసులో ముక్కలుగానే వచ్చేవి. రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను. ఒక్క జారు జారింది. వసారాలో పడి, ఎగిరి, గడప కింద పడి, పక్కనున్న నీళ్ళ బోదె వైపు పాకుతూ పోయింది. చేప నేలమీద అలా పాకుతుందని నాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు. కత్తిపీట పట్టుకుని నేను దానివెంట పడ్డాను. బోదెలో దూకి, తోకతో ఒక్కసారి నీళ్ళు కొట్టి, కొల్లేటికి వెళ్ళిపోయింది.

“పులుసు కుదిరిందా అండీ?” అని పొద్దున్నే అడిగింది పక్కింటావిడ.

“చేప పారిపోయిందండీ.”

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నానికి ఆ కబురు పల్లె దాటింది. వలలు ఆరేసుకునే మగవాళ్ళు నన్ను చూసి, “పంతులమ్మ గారూ, మీ చేప మా వల్లో పడిందండీ, తెచ్చివ్వమంటారా?” అని మర్యాదగా అడిగేవారు. మర్యాదకేం లోటు లేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. నాకంటే ముందు ఇదే ఇంట్లో పడుకుని, ఇదే బడిలో పాఠం చెప్పిన ఆ మాస్టారుకి బతికున్న కొర్రమీనుని ఎవరైనా ఇచ్చారా? ఆయన చేతిలోంచి అది జారకుండా ఉండేదా? ఆయనకి ముల్లు తీసి పెట్టడం ఒక్కటే తక్కువ!

ఇలా ఉండగా మిషను బళ్ళ సూపర్వైజరు గారు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన తాడేపల్లిగూడెం వైపునుంచి బళ్ళన్నీ చూసుకుంటూ వస్తున్నారు. వచ్చేరోజు పొద్దున పెద్ద గారు ఒక పావు కందిపప్పు, కాసిని కూరలు పట్టుకుని మా వసారాలోకి వచ్చారు.

“అయ్యగారి భోజనం మీ ఇంట్లోనేనండీ.”

“ఆయన నా బడి చూడ్డానికి కదండీ వస్తున్నారు? నేను పాఠం చెబుతుంటే వంట ఎవరు చేస్తారు?”

“పొయ్యిమీద పడేసి వెళ్తే అదే ఉడుకుతుందండీ” అన్నారాయన. పొయ్యిమీద ఆయన ఎన్నడూ ఏదీ పడేసి ఎరగరు.

పడేసే వెళ్ళాను. సూపర్వైజరు గారు లావుపాటి మనిషి, కోటు, కళ్ళజోడు. కుర్చీలో కూర్చుని పిల్లల చేత ఎక్కాలు చెప్పించారు, దేశపటం మీద నదులు చూపించమన్నారు. పిల్లలు బాగా చెబుతున్నారు. నా గుండె నిండుతోంది. సరిగ్గా భాగహారం దగ్గరకి వచ్చేసరికి మాడు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. ఆయన ముక్కు ఎగబీల్చారు.

“ఏదో మాడుతున్నట్టుందమ్మా. వెళ్ళి చూసిరా.”

నాకూ తెలుసు మాడుతోందని. నల్లబల్లమీద లెక్క సగంలో ఉంది, పిల్ల సుద్ద పట్టుకుని నావైపు చూస్తోంది.

“ఇది బడి వేళండీ” అన్నాను. “లెక్క అయ్యాక వెళ్తాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంతలో పక్కనుంచి ఫట్‌మని కుండ పగిలిన చప్పుడు. ఆ పిల్ల శేషం ఎంతో సరిగ్గా చెప్పి కూర్చుంది. అప్పుడు వెళ్ళాను. పప్పంతా బూడిదలో పడి ఉంది.

భోజనానికి మిగిలింది అన్నం, మజ్జిగ, ఊరగాయ. అన్నం ఆరోజు కాస్త నయమే గాని, పలుకుంది. సూపర్వైజరు గారు ఒక ముద్ద నమిలి, పళ్ళెం కాస్త వెనక్కి జరిపారు. ఎదురుగా పెద్ద గారు, మరికొందరు కూర్చున్నారు. తడిక అవతల ఆడవాళ్ళు నిలబడ్డారు.

“అదేనండీ నే చెప్పేది” అన్నారాయన పెద్ద గారితో, నేను అక్కడ లేనట్టు. “ఆడపిల్లకి చదువు చెప్పిస్తాం గాని, అన్నం వండడం కూడా రాకపోతే ఏం లాభం?”

నా చేతిలో మజ్జిగ చెంబు ఉంది. కింద పెట్టేశాను.

“అయ్యగారూ, నాకు ముందున్న మాస్టారుకి వంట వచ్చునా రాదా అని మీరు ఎప్పుడైనా అడిగారా అండీ?”

సూపర్వైజరు గారు పెద్ద గారి వైపు చూశారు.

“పొద్దుటినుంచీ నా పిల్లలు తప్పు చెప్పింది ఒక్కటి లేదు. దాన్ని గురించి మీరు ఒక్క మాట అనలేదు. పప్పు మాడితే మాత్రం నా చదువే దండగ అంటున్నారు. నేను ఈ ఊరికి పాఠం చెప్పడానికి వచ్చానండీ. పొయ్యి నేను అడగలేదు.”

పెద్ద గారు “అమ్మా, అమ్మా” అంటూ లేచారు. సూపర్వైజరు గారు చెయ్యి కడుక్కుని, ఎండ ముదరకముందే బయల్దేరాలని చెప్పి వెళ్ళిపోయారు. ఎండ అప్పటికే నడినెత్తిన ఉంది.

నా ఉద్యోగం పోతుందని పల్లెంతా అనుకున్నారు. పోలేదు. నామీద ఆయన పైవాళ్ళకి ఏం చెప్పారో, అసలు చెప్పారో లేదో నాకు తెలీదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్ద గారు లేచి, పంతులమ్మ గారికి కూడా ఇంటింటా వంతు పెడదామని చెప్పారు. మగవాళ్ళంతా సరేనన్నారు. గెలిచాననుకున్నాను. ఇంటికి వస్తుంటే దారిలో పక్కింటావిడ నాతో కలిసింది. ఆవిడ గొంతు అంత మెల్లగా నేను ఎప్పుడూ వినలేదు.

“మీరు అన్నదాంట్లో తప్పు లేదండీ. కాని ఆ మాస్టారుకి పెట్టింది ఎవరనుకున్నారు? వంతని చెప్పింది మగాళ్ళు. పొయ్యి ఊదింది మేము. మా వంతు వచ్చిన రోజున పిల్లలకి తగ్గించి ఆయనకి పెట్టేదాన్ని. ఆడమనిషి వస్తోందంటే, పోనీలే, ఒక నోరు తగ్గిందనుకున్నాం.”

నాకు మొహంమీద నీళ్ళు కొట్టినట్టయింది. నా కోపం ఎక్కడికీ పోలేదు, అది నిలబడ్డ చోటు మారింది. ఆ సాయంత్రమే పెద్ద గారి ఇంటికి వెళ్ళాను.

“వంతుకి ఒప్పుకుంటానండీ. ఒక్క షరతు. నేను వచ్చిన పూట ఆ ఇంట్లో మగవాళ్ళు వండాలి.”

ఆయన నవ్వులాటనుకుని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆపేశారు. లోపల్నించి ఆయన భార్య, ఆ ముసలావిడ, అంతవరకూ నాతో ఎన్నడూ మాట్లాడని మనిషి, గట్టిగా అంది: “ముందు మనింటినుంచే మొదలెట్టండి మరి!”

ఆ షరతుతో వంతు మాట అక్కడే ఆగిపోయింది. నేను నా పొయ్యి దగ్గరికే తిరిగి వెళ్ళాను. పక్కింటావిడ అప్పుడప్పుడూ వచ్చి, బూడిద పూసుకుంటే చేప చేతిలోంచి జారదని, పొంగు రాగానే మూత తీసేయమని అరుస్తూ చెప్పేది. నేర్చుకున్నాను. నా ఆకలి కోసం నేర్చుకున్నాను.

కొన్నాళ్ళకి తాడేపల్లిగూడెం బడికి బదిలీ అయింది. మొదటిరోజు బడి వదిలాక, నాతో పనిచేసే పెళ్ళికాని మాస్టర్లు స్టేషను ఎదురుగా ఉన్న భోజన హోటలుకి బయల్దేరారు. నేనూ వెళ్ళాను. హోటలాయన నన్ను గుమ్మంలోనే ఆపాడు.

“ఆడవాళ్ళు ఇక్కడ కూర్చోరండీ. క్యారేజీ ఇంటికి పంపిస్తాను.”

“ఆకలి ఇక్కడే ఉందండీ” అని లోపలికి వెళ్ళి, గోడవార బల్లమీద కూర్చున్నాను. అందరి ముద్దలూ ఒక్కక్షణం గాలిలో ఆగాయి. కాసేపటికి విస్తరి వేశారు. సాంబారు ఉప్పుకషాయంలా ఉంది. చుట్టూ చూశాను. మగవాళ్ళందరూ తలవంచుకుని, మారుమాట లేకుండా జుర్రుకుంటున్నారు. లోపల వండుతున్నది ఒక మీసాలాయన. ఆయన్ని పిలిచి, ఇన్నేళ్ళొచ్చినా ఉప్పు వేయడం రాదా అని అడిగినవాళ్ళు ఆ హోటల్లో ఒక్కరూ లేరు.