తెర మీద ఆరు, నా నోట పన్నెండు

జూన్ రెండో సోమవారం, ఉదయం ఎనిమిది నలభైకి రిపోర్టు చేశాను. చోటు ఫిల్మ్ నగర్. వాలు రోడ్డు మీద రెండు షట్టర్ల దుకాణం. పార్సెల్ తూచి, కొలిచి, ఎంతవుతుందో, ఎన్నాళ్ళకు చేరుతుందో చెప్పి బుక్ చేసుకునే కౌంటర్. సంస్థ పేరు రాయను. జరిగిన దాంట్లో వాళ్ళ తప్పేమీ లేదు.

అంతకుముందు నేను సైన్యం తపాలా విభాగంలో పద్దెనిమిదేళ్ళు చేసి హవల్దారుగా దిగాను. మా జనగామలో అందరూ తుపాకీ గురించే అడుగుతారు. నా చేతిలో ఎక్కువకాలం ఉన్నవి తూకం రాళ్ళూ, ముద్రలూ. పింఛను వస్తోంది గానీ ఇంట్లో కూర్చుంటే కాలు నిలవలేదు. ఫిల్మ్ నగర్‌ని ఇంకో పోస్టింగ్ అనుకుని వెళ్ళాను, ఏడాదిన్నర చేశాను. ఇప్పుడు ఊళ్ళో వాళ్ళు ఏ హీరోను చూశావని అడుగుతున్నారు. ఒక్కణ్ణీ చూడలేదు. వాళ్ళ కిరీటాలు చూశాను, కత్తులు చూశాను, ఒకసారి ఒక రాజుగారి మీసాలు చూశాను. అన్నీ డబ్బాల్లోనే.

ముందు నేల సంగతి చెప్పాలి. పైన జూబ్లీహిల్స్. బండరాళ్ళ మీద మేడలు, ఎత్తు గేట్లు, గేటు దగ్గర కుర్చీలో నాలాంటి మాజీ సైనికుడు. అక్కణ్ణుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ ఫిల్మ్ నగర్‌లోకి దిగుతుంది. ఇంకా దిగితే షేక్‌పేట, ఫ్లైఓవర్, ఆ తర్వాత టోలిచౌకి. అటుపక్క చెక్‌పోస్టు దాటితే కృష్ణానగర్. వాన పడితే పై నీళ్ళన్నీ మా షట్టర్ ముందునుంచే పోతాయి. మొదటి వారమే ఇసుక బస్తాలు కావాలన్నాను. దుకాణం చూసుకునే ఇన్‌ఛార్జి మేడమ్ నవ్వింది. మూడో వారం నీళ్ళు లోపలికొచ్చాక తనే తెప్పించింది.

నాకిచ్చిన సరంజామా ఇది. కరెంటు తూకం ఒకటి. కొలత టేపు ఒకటి. కంప్యూటర్ తెర. గోధుమరంగు అంటుటేపు రోజుకు ఆరు చుట్లు. తొమ్మిదింటికి షట్టర్ ఎత్తడం, ఆరింటికి వ్యాను, ఆరున్నరకు దించడం. ఆదేశం ఒక్కటే. ఇన్‌ఛార్జి మేడమ్ తణుకు అమ్మాయి, ముప్పై దాటలేదు, మొదటి రోజే చెప్పింది.

“తెర మీద ఏ నంబరు కనిపిస్తే అదే చెప్పండి బాబాయ్ గారూ. సొంత లెక్కలు మాత్రం వద్దండీ.”

సరేనన్నాను.

ఖరీదు చెప్పడం కష్టం కాదు, ఒప్పించడం కష్టం. డబ్బా పెద్దదై సరుకు తేలికైతే, తూకం చూపించిన బరువు కాకుండా డబ్బా ఆక్రమించే చోటును బట్టి బరువు కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి ముప్పై సెంటీమీటర్లుంటే, లోపల దూది పెట్టినా అయిదు కిలోల నాలుగు వందల గ్రాముల కింద లెక్క. ఇది ఎవరికీ మింగుడు పడదు. పైన పింఛం ఉన్న కిరీటం తెచ్చిన ఒకాయన నాతో ముప్పావుగంట పోట్లాడాడు. చివరికి పింఛం పీకి పక్కన పెడితే సగానికి దిగింది. ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని మళ్ళీ పోట్లాడాడు.

రోజులు చెప్పడం దీనికి తలకిందులు. నోటితో ఒక అంకె అనేస్తే చాలు, నమ్ముతారు. ఆ అంకె పట్టుకుని వెళ్ళి పెళ్ళిళ్ళకూ షూటింగులకూ రోజులు లెక్క వేసుకుంటారు.

మా వ్యాను డ్రైవరు టోలిచౌకి మనిషి. రోజూ అయిదున్నరకు ఫోను చేసేవాడు.

“మిలిటరీ అన్నా, షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఫుల్ జామ్ ఉంది. జర ఆగు, పావుగంటల వస్త.”

“నీ పావుగంట ఎంతసేపు?”

“ఏంది అన్నా, గంత అనుమానమైతే ఎట్ల! అరగంట అనుకో.”

నేను గంట అనుకునేవాణ్ణి. వాడు యాభై అయిదు నిమిషాలకు వచ్చేవాడు.

ఏ అంకె విన్నా రెట్టింపు చేసుకోవడం నాకు మంచులో పట్టుకున్న జబ్బు. సర్వీసులో ఒక చలికాలం ఎత్తైన చోట ఫీల్డ్ పోస్టాఫీసులో ఉన్నాను. మా పైన ఇంకా ఎత్తులో ఒక పికెట్, కొద్దిమంది జవాన్లుండే కాపలా చోటు. అక్కడి రేడియో ఆపరేటరు విజయనగరం వాడు. ఇంటి నుంచి పార్సెల్ బయల్దేరిందని తెలిసి ఎన్నాళ్ళని అడిగాడు. లెక్క ప్రకారం ఎనిమిది రోజులన్నాను. ఎనిమిదో రోజు రేడియోలో పిలిచాడు.

“పోస్టు, పోస్టు, నా డబ్బా వచ్చిందా? ఓవర్.”

“రాలేదు తమ్ముడూ. హెలికాప్టర్ ఎగరలేదు. ఓవర్.”

రోజూ అదే. మొత్తం పంతొమ్మిది రోజులు హెలికాప్టర్ ఎగరలేదు. పదమూడో రోజు నుంచి అతను డబ్బా మాట ఎత్తడం మానేశాడు. సరిగ్గా తినడం లేదని, ఎవరితోనూ కలవడం లేదని పైనుంచి వంట జవాను చెప్పాడు. డబ్బా చేరాక మామూలు మనిషయ్యాడు గానీ, నేను మాత్రం కాలేదు. అప్పటినుంచి ఎవరు అడిగినా తెలిసిన రోజులకు రెట్టింపు చెప్పేవాణ్ణి. ముందు చేరితే సంతోషపడతారు, ఎవరికీ నష్టం లేదు అనుకునేవాణ్ణి. మా విభాగంలో చాలామందికి ఈ అలవాటుంది. అక్కడ అది మంచి అలవాటే, ఎందుకంటే అక్కడి మనిషికి ఎదురుచూడటం తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు.

ఫిల్మ్ నగర్‌లో రెండో వానాకాలం. శుక్రవారం మధ్యాహ్నం రెండుంపావు, బయట వాన. విగ్గుల మాస్టారు వచ్చాడు. కృష్ణానగర్‌లో ఒక గది, ముప్పై ఏళ్ళుగా సినిమాలకు విగ్గులు కడుతున్నాడు. నర్సాపురం వైపు మనిషి. మెడలో సన్న శిలువ, చేతివేళ్ళకు సూది గాట్లు. అంతకుముందు నాలుగైదుసార్లు మా దగ్గర బుక్ చేసినవాడే. ఈసారి చేతిలో ఏమీ లేదు. గొడుగు మడిచి కౌంటర్ మీద మోచేతులు ఆనించాడు.

“ఓ విగ్గు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాలండీ. మా చెల్లికి.”

ఆమె భర్తకు ఆ దీవిలో ఓడరేవు పని. ఆమెకు క్యాన్సర్ వైద్యం జరిగి జుట్టంతా ఊడిపోయింది. కూతురి పెళ్ళి వచ్చే గురువారం కాక ఆ పై గురువారం, చర్చిలో. పెళ్ళికూతురి తల్లి అందరిముందూ నడిచి రావాలి.

“వైద్యానికి ముందు జడ కత్తిరించి నాకు పంపిందండీ. అన్నయ్యా, నా జుట్టు నాకే కట్టి పంపు అంది. సన్నటి వల మీద ఒక్కో వెంట్రుకా ముడెయ్యాలండి, గబగబా అయ్యే పని కాదు. ఇంకో అయిదు రోజుల పని ఉంది. బుధవారం రాత్రికి అయిపోద్ది. గురువారం పొద్దున్నే తెచ్చిచ్చేస్తే పెళ్ళినాటికి చేరుద్దాండీ?”

నేను పిన్‌కోడ్ కొట్టాను. తెర మీద ఆరు రోజులని వచ్చింది. గురువారం వేస్తే పై బుధవారం. పెళ్ళికి ఒకరోజు ముందు. లెక్క సరిపోతోంది.

షట్టర్ బయట నీళ్ళు ఇసుక బస్తాలకు తగులుతున్నాయి. దీవి, వాన, విమానం ఎగరకపోతే. ఆరు అని చెబితే ఏడో రోజు ఆ చెల్లెలు గుమ్మంలో నిలబడుతుంది. రేడియోలో ఆ గొంతు వినపడింది నాకు.

“పన్నెండు రోజులు పెట్టుకోండ్రి మాస్టారూ,” అన్నాను. “దీవి గదా. వానలు గిట్ల ఉన్నయి. నమ్మలేం.”

తెర నా వైపే తిరిగి ఉంది. ఆయనకు కనపడదు.

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి కూడా లెక్కపెట్టుకున్నాడు.

“అంటే ఇవాళే వెయ్యాలండీ.”

“ఇయ్యాల వేస్తే ఫికర్ ఉండదు.”

“మంచి మాట చెప్పారు. లేకపోతే మోసపోదును.” గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

అయిదూ నలభైకి మళ్ళీ వచ్చాడు, తడిసి. ప్లాస్టిక్ కవరులో డబ్బా. అందులో ఉన్నది వేరే విగ్గు. చెల్లి జుట్టుతో కడుతున్నది సగంలో ఆపేశాడు. ఒక సినిమాలో అత్తగారి పాత్రకు కట్టింది, కొట్లో మిగిలిపోయిందట. తూకంలో నాలుగు వందల గ్రాములు, చోటు లెక్కన కిలోన్నర. చిన్న డబ్బాలోకి మార్చుదామన్నాను. నొక్కితే ముడులు ఊడిపోతాయని ఒప్పుకోలేదు.

“చెల్లి తల చిన్నదండీ. లోపల పట్టీ బిగించాను. సరిపోద్దిలే,” అన్నాడు. నాకు చెప్పాడో తనకు చెప్పుకున్నాడో.

డ్రైవరు ఆరూ పదికి వచ్చి డబ్బా ఎత్తుకున్నాడు. ఆ సాయంత్రం నేను మంచి పని చేశాననుకున్నాను. ఒక ఇంటి పెళ్ళి కాపాడానని చాయ్ దగ్గర డ్రైవరుతో గొప్పగా చెప్పాను కూడా. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

బుధవారం పదకొండూ ఇరవైకి వేరే పని మీద తెర చూస్తుంటే ఆ నంబరు పక్కన ‘అందింది’ అని వచ్చింది. అయిదో రోజు. తెర చెప్పిన దానికంటే కూడా ఒకరోజు ముందు.

చేస్తున్న పని ఆపి లెక్క వేశాను. ఆయన పని ఆపకుండా ఉంటే, చెల్లెలి జుట్టుతో కట్టే విగ్గు ఆ రాత్రికే పూర్తయ్యేది. మర్నాడు వేస్తే, అయిదు రోజులు పట్టినా ఆరు పట్టినా పెళ్ళికి ముందే చేరేది. ఇప్పుడు మొదలుపెడితే కుదురుతుందా? పెళ్ళికి ఎనిమిది రోజులు. అయిదు పనికి, ఆరు దారికి. మొత్తం పదకొండు. ఎటు తిప్పినా పదకొండే. కాగితం మీద కూడా వేసి చూశాను.

మధ్యాహ్నం మూడింటికి మాస్టారు వచ్చాడు. ఫోను చేతిలో ఉంది.

“అయిదో రోజే చేరిపోయిందంటండీ.”

“అవును మాస్టారూ. చూసిన.”

“మీరు పన్నెండన్నారు కదండీ?”

కోపంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. అదృష్టం, గాలి బాగుంది, విమానం దొరికింది అని ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు. సైన్యంలో అలాంటి మాటలు చాలా నేర్చుకున్నాను. నేను తెర ఆయన వైపు తిప్పాను.

“ఆ రోజు దీంట్ల ఆరు అని ఉండె. నేనే పన్నెండు చెప్పిన. ఆలస్యమైతే మీ చెల్లె బాధపడతదని.”

ఆయన తెర వైపు చూశాడు. నా వైపు చూశాడు. బయట రోడ్డు మీద ఒక కారు చాలాసేపు హారన్ కొట్టింది.

“రెండూ చెప్పాల్సిందండీ,” అన్నాడు. “ఆరని రాసుందీ, నాకు మాత్రం భయంగా ఉందీ అని రెండూ చెప్తే, ఏది నమ్మాలో నేను చూసుకుందును.”

తిట్టి ఉంటే బాగుండేది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో మేజర్లూ కల్నళ్ళూ తిట్టారు, ఏదీ ఇంత లోతుకు దిగలేదు. ఇన్‌ఛార్జి మేడమ్ వెనక నిలబడి అంతా విన్నది. మందలించలేదు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

పెళ్ళి జరిగింది. ఆ శనివారం నేనే కృష్ణానగర్ వెళ్ళాను. ఇరుకు సందు, రెండో అంతస్తు. మాస్టారు కుర్చీ వేసి ఫొటోలు చూపించాడు. తెల్ల గౌనులో పెళ్ళికూతురు. పక్కన తల్లి, చీర కొంగు నుదుటిదాకా లాక్కుని ఉంది. విగ్గు కనిపించింది తక్కువ. కనిపించినంత మేరా నల్లగా, దట్టంగా, ఆ చిన్న మొహానికి బరువుగా ఉంది.

“ఏమన్నది?” అని అడిగాను.

“బాగుందన్నయ్యా అందండీ. ఎవరిదో తల పెట్టుకున్నట్టుంది, అంతే అంది.” ఫొటోలు పక్కన పెట్టి, “నవ్వుతూనే అందిలెండి,” అన్నాడు.

ఆ తర్వాత అయిదు నెలలు చేశాను. అడిగిన ప్రతివాడికీ రెండు అంకెలూ చెప్పేవాణ్ణి, తెర కూడా తిప్పి చూపించేవాణ్ణి. జనం విసుక్కున్నారు. ఏదో ఒకటి చెప్పు పెద్దాయనా అన్నారు. రోజుకు వందమందికి రెండేసి అంకెలు చెప్పి, వాళ్ళనే ఎంచుకోమని బతిమాలడం నన్ను బాగా అలసిపోయేలా చేసింది. మోకాళ్ళు కూడా ఆ వాలు రోడ్డు ఎక్కలేమని మొరాయించాయి. వచ్చేముందు మాస్టారు దగ్గరకు వెళ్ళాను. చెల్లెలికి జబ్బు నయమైందట, జుట్టు మళ్ళీ వస్తోందట, వేలెడంత పెరిగిందట. చెబుతుంటే ఆయన మొహం వెలిగింది, నాకూ ఎంతో సంతోషమైంది. డిసెంబరు మూడో ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట బస్సుకు జనగామ వచ్చేశాను.

ఫిల్మ్ నగర్‌లో ఏం చూశావని అడిగే వాళ్ళకు కిరీటాల కథ చెబుతాను. చూసింది ఒకటుంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ చివరి రోజు మాస్టారి గదిలో, కిటికీ పక్క బల్ల మీద చెక్క తల ఒకటి ఉంది. దానికి వల తొడిగి ఉంది. పాపిడికి ఎడమపక్క చెల్లెలి పొడుగాటి జుట్టు, నూనె రాసి, చిక్కు తీసి, నున్నగా దువ్వి ఉంది. కుడిపక్క ఉత్త వల. వల కంతల్లోంచి చెక్క కనిపిస్తోంది.