పెనుకొండ నుంచి హిందూపురం దాకా మూడు లైన్లు

ఇప్పుడైతే ఫోను పట్టుకుని బొటనవేలితో గీకుతూ కూర్చుంటే లోకమంతా వచ్చి ఒళ్ళో పడుతోంది గానీ, తెలుగులో బ్లాగులు కొత్తగా మొలకెత్తిన ఆ రోజుల్లో చదవడం కూడా ఒక తిరుగుడే. ఎవరు ఎప్పుడు రాస్తారో తెలీదు. రోజూ ఒక్కొక్కరి గడప తొక్కి, "ఏమన్నా రాసినారా?" అని తొంగిచూసి, ఉసూరుమంటూ తిరిగి రావడమే పని. అట్లాంటప్పుడు ఫీడ్ రీడర్ అనేది నా కంటబడింది. బ్లాగుల చిరునామాలు ఒకసారి అందులో పెడితే చాలు, ఎవరు కొత్త టపా రాసినా తెచ్చి మన ముందు పడేస్తుంది. చదవనివి ఎన్ని ఉన్నాయో పక్కనే ఒక అంకె చూపిస్తుంది. నా కొంప ముంచింది ఆ అంకే. అది సున్నా అయ్యేదాకా నాకు అన్నం సహించేది కాదు. సున్నా అయితే, ఇంక చదవడానికి ఏమీ లేదే అని దిగులు. ఒక దశలో రెండొందల పైచిలుకు బ్లాగులు చేర్చాను. (అందులో ఒకటి చేపల తొట్లు కడగడం గురించి. మా ఇంట్లో చేపలు లేవు, తొట్టి లేదు, ధర్మవరంలో కడగడానికి నీళ్ళూ లేవు.)

హిందూపురంలో ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఆఫీసువి, వ్యసనం మాత్రం నా సొంతం. ధర్మవరం నుంచి రోజూ పొద్దున పాసింజరు బండిలో పోయి రావడం. చదివింది ఎవరికైనా చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది కాబట్టి, సాయంత్రం నచ్చిన టపాలు ఆఫీసు ప్రింటరులో అచ్చు తీసుకుని, మరునాడు రైల్లో చదివి వినిపించేవాణ్ణి. శ్రోతలు ఇద్దరు. నాతోపాటు ధర్మవరంలో ఎక్కే చీరల మామ ఒకరు. పట్టుచీరల మూటను కాళ్ళ మధ్య పెట్టుకుని, దొంగల కంటే నన్నే ఎక్కువ అనుమానంగా చూసేవాడు. రెండో మనిషి పెనుకొండలో ఎక్కే టీచరక్క. నాకు బ్లాగప్ప అని పేరు పెట్టింది ఆమే.

ఇద్దరికీ ప్రాణమైన బ్లాగు ఒకటుండేది. కోస్తాలో ఎక్కడో ఒకావిడ నలభై దాటాక బండి నేర్చుకుంటూ, పడిన ప్రతి గుంత గురించీ నవ్వు పుట్టేలా రాసేది. టీచరక్కకు అది ఉత్త కథ కాదు. హిందూపురంలో దిగి, తన బడి ఉన్న పల్లెకు పోవాలంటే ఆమె షేర్ ఆటో కోసం నిలబడాలి. అది నిండితే గానీ కదలదు. ఈమె చేరేసరికి ప్రార్థన అయిపోయి, హెడ్మాస్టరు గేటు దగ్గర పిల్లలందరి ముందూ గడియారం చూసుకుంటూ ఉండేవాడట. అందుకని తనూ ఒక గేర్లు లేని బండి కొని, పెనుకొండలో ఇంటి సందులో నేర్చుకుంటుండె. లైసెన్సు రాగానే బండిని హిందూపురం స్టేషన్ దగ్గర పెట్టుకోవాలని. సరిగ్గా పరీక్షకు వారం ఉందనగా కింద పడింది. మోకాలు కొట్టుకుపోయింది, ధైర్యం అంతకంటే ఎక్కువ కొట్టుకుపోయింది.

"ఇంగ చాలప్పా. మా ఆయన బండి అమ్మేస్తానంటాండాడు. నాకు ఆటోనే గతి," అనింది కుంటుకుంటూ ఎక్కి.

"అదేందక్కా! ఆ బ్లాగామెకూ ఈ వారమే గదా పరీక్ష?"

ఆమె నా ఎదురు సీటులో మోకాలు చాపుకుని కూర్చుంది. "సరే. దేవుని దగ్గర పువ్వు అడిగినట్టు ఆమెనే అడుగుతా. ఆమె పాసయితే నేనూ పోతా. లేదంటే బండి అమ్మేదే."

"పువ్వంటే కుడిపక్క పడితే ఔనని, ఎడంపక్క పడితే కాదని లెక్క," అన్నాడు చీరల మామ. "కంప్యూటర్లో ఏ పక్క పడతాదమ్మా?"

ఇంక నా పాట్లు చూడాలి. ఆ వారమంతా ఆ బ్లాగు పేరు పక్కన అంకె రాదే! చేపల తొట్లాయన మాత్రం రోజుకు మూడు రాసి పారేస్తున్నాడు. ఐదో రోజు సాయంత్రం, అక్క పరీక్ష మరునాడనగా, ఒకటి అని కనబడింది. ఆత్రంగా తెరిచాను. మూడంటే మూడు లైన్లు. "పరీక్షకు వెళ్ళలేదండీ. బండి అమ్మేశాం. ఇంక ఈ బ్లాగులో రాయడానికి ఏమీ లేదు." అలవాటు కొద్దీ దాన్నే అచ్చు తీసి జేబులో పెట్టుకున్నాను.

మరునాడు పెనుకొండలో అక్క ఎక్కడమే నా జేబు వైపు చూసింది. "వచ్చిండాదా?"

"వచ్చిండాది," అని కాగితం విప్పాను. ఆ మోకాలి కట్టు చూశాక ఆ మూడు లైన్లు నా నోటికి రాలేదు. నోరు ఊరుకునే రకం కాదు గదా, దాని దోవ అది చూసుకుంది. ఆవిడ పరీక్ష మైదానానికి వచ్చిందన్నాను. ఎయిట్ వేస్తుంటే మధ్యలోకి గొర్రెల మంద వచ్చిందన్నాను. ఒక్క గొర్రెకు తగలకుండా, కాలు కింద పెట్టకుండా, మంద చుట్టూ మూడు ఎనిమిదులు వేసిందన్నాను. ఇన్స్పెక్టరు భయపడి రాయెక్కి నిలబడి, "యాడికి పోతాండావమ్మా, పాసయినావు, నిలుపు!" అని అరిచాడన్నాను.

"నిలుపబ్బా," అన్నాడు చీరల మామ. "ఆ కోస్తా ఇన్స్పెక్టరుకు మన ధర్మవరం మాటలెట్ల వచ్చె?"

"మన పక్క నుంచి ట్రాన్స్‌ఫర్ అయిండాడు మామా. కింద రాసిండాది," అన్నాను చెమట తుడుచుకుంటూ. హిందూపురానికి ముందొచ్చే మాలుగూరు దాటేసరికి ఆవిడ చేతికి లైసెన్సు ఇప్పించి కాగితం మడిచాను. అక్క హిందూపురంలో దిగి, ఆటోల వైపు కాకుండా, డ్రైవింగు స్కూలు బండి అద్దెకు తీసుకుని పరీక్ష ఇవ్వడానికి లైసెన్సు ఆఫీసు వైపు నడిచింది. పై వారానికి ఆమె బండి స్టేషన్ ముందర చింతాకు రంగులో మెరుస్తూ నిలబడింది. ఆ తరువాత గేటు దగ్గర గడియారం చూసుకోవడం అక్క వంతు అయిందని, హెడ్మాస్టరే రోజూ ఆలస్యమని విన్నాను. (ఇది మాత్రం నేను కల్పించింది కాదు.)

ఏళ్ళు గడిచాయి. నేను కంపెనీ మారాను. ఆ ఫీడ్ రీడరును నడిపేవాళ్ళు ఒకరోజు దుకాణం కట్టేశారు. బ్లాగులూ ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఈమధ్య పనిబడి హిందూపురంలో దిగితే, ఎవరో "ఏమప్పా బ్లాగప్పా!" అన్నారు. టీచరక్క, తల నెరిసి, బండి మీద. ఎక్కమంది. వెనక బిగుసుకుని కూర్చుని, ఇన్నాళ్ళ బరువు దించుకుందామని మొదలుపెట్టాను. "అక్కా, ఆ పొద్దు నేను చదివింది..."

"తెలుసులేప్పా. కిటికీ ఎండకు నీ కాగితం ఈ పక్కకు కనపడతాండె. మూడు లైన్లు. వాటిని హిందూపురం దాకా సాగదీసి చదివినావంటే, దాంట్లో మంచి మాట లేదనే గదా?"

"మళ్ళెందుకు పోయినావక్కా పరీక్షకు?"

"ఒక మనిషి నా కోసం అంత చెమటలు కక్కుకుంటా అబద్ధం చెప్తాంటే, పోకుంటే ఏం బాగుంటాది?" అని, మలుపు తిప్పుతూ అడిగింది. "ఆయమ్మ మళ్ళీ ఏమన్నా రాసిందా?"

లేదన్నాను. రీడరు మూతబడిన రోజు దాకా ఆవిడ బ్లాగును నా జాబితాలోంచి తీయలేదు. చివరిరోజు కూడా దాని పక్కన అంకె రాలేదు. ఆవిడకు తెలీదు గానీ, ఒక పొద్దున మాలుగూరు దగ్గర, గొర్రెల మధ్య, ఆవిడ కూడా పాసయింది.