పిన్ని రాసిన వెర్షన్ లైను

మా పిన్ని సెలైన్ పంపులకు ప్రోగ్రాములు రాసేది. రోగి నరంలోకి గంటకు ఎంత మందు దిగాలో చూసుకునే పెట్టెలవి. ఇద్దరు పట్టే గదిలో ఆరుగుర్ని కుక్కిన ఆ కంపెనీలో నేనూ రిపేరు బల్ల దగ్గర పనిచేశాను. ప్రతి ప్రోగ్రాంలోనూ ఆవిడ ఒక లైను పెట్టేది: వెర్షన్ నంబరు, తేదీ. ప్రోగ్రాం పంపులోకి ఎక్కాక కూడా, కేబుల్ తగిలించి వెతికితే ఆ లైను కనిపించాలి. దానితో పంపుకు పనేమీ లేదు, మనుషులు చదువుకోవడానికే. మీ పిన్ని పుట్టబోయే పిల్లలక్కూడా నంబరు వేస్తుందిరా అని పక్క బల్లలవాళ్ళు నన్ను ఏడిపించేవాళ్ళు.

ఒక ఆసుపత్రిలో పంపు మందును రెట్టింపు వేగంతో వదిలింది. నర్సు చూసి ఆపబట్టి మనిషి దక్కాడు. ఆ లోపం పాత వెర్షన్‌ది, కొత్తదానిలో పిన్ని ఎప్పుడో సరిచేసింది. ఇక ఎక్కడికక్కడ ఆసుపత్రుల్లోనే లైను చదివి, పాతవాటిని ఏరేస్తే చాలు. ఎలా చదవాలో చూపిద్దామని పిన్ని ధీమాగా స్టాకులోని పంపుకు కేబుల్ తగిలించింది. లైను లేదు. ఇంకో పంపులోనూ లేదు.

మధ్యాహ్నానికి సంగతి తేలింది. పంపుల్లోకి ఎక్కించే ముందు ప్రోగ్రాం సైజు తగ్గించడానికి పెట్టిన సెట్టింగు, ప్రోగ్రాం వాడుకోని ప్రతిదాన్నీ తీసి పారేస్తుంది. పిన్ని లైనునూ అలాగే పారేసింది. తన కంప్యూటర్లో ఆ సెట్టింగు లేకుండా తయారైనదాన్నే ఆవిడ చూసుకుని తృప్తిపడేది. బయటికి వెళ్ళినదాన్ని ఒక్కసారీ తెరిచి చూడలేదు.

అమ్మిన తేదీలను బట్టి ఇవి పాతవని ఆసుపత్రులకు చెప్పేయమన్నాడు యజమాని. రిపేరుకొచ్చినవాటిలో ఏ ప్రోగ్రాం ఎక్కించామో ఎవరికీ తెలియదని, తేదీని నమ్మలేమని, అన్నిటినీ ఆపాల్సిందేనని పిన్ని అంది. కంపెనీ మూతపడుతుందని ఆయన మొత్తుకున్నాడు. తప్పు చేసినావిడే నీతులు చెబుతోందని పక్క బల్లలవాళ్ళు గొణిగారు. పెద్ద చదువులు చదివినవాళ్ళే అందరూ. ఆసుపత్రి మంచం మీది మనిషి వాళ్ళలో ఒక్కరికీ గుర్తురాలేదు.

"అన్నీ ఆపమని ఫోన్ చేశారంటే రేపట్నుంచి రానక్కర్లేదమ్మా," అన్నాడు యజమాని.

పిన్ని ఆయన బల్ల మీది ఫోనే అందుకుంది. మొదటి ఆసుపత్రి నర్సు ఏ పంపులు పక్కన పెట్టాలని అడిగింది.

"అన్నీ తీసేయండమ్మా. మందు చేత్తోనే, చుక్కలు చూసుకుంటూ ఎక్కించండి."

"అన్నీ పాడయ్యాయా ఏంటి?"

"లేదమ్మా. ఏది మంచిదో నాకు తెలీదు. తప్పు నాదే."

నర్సు విసుక్కుంటూ పెట్టేసింది. పిన్ని రెండో ఆసుపత్రి నంబరు నొక్కింది.