చెప్పకూడని లెక్క

ఉదయం పది గంటల పది నిమిషాలకు, శిశుతరగతిలో ఒక ఐదేళ్ల పాపను, మీ ఇంట్లో గొర్రెలెన్ని అని అడిగాను. గోడగడియారం నా ఎదురుగానే ఉండేది కాబట్టి వేళ గుర్తుంది. పాప జవాబు చెప్పలేదు. మళ్లీ అడిగాను. తల వంచుకుంది. నిలబెట్టాను.

అది మార్కాపురం నుంచి బేస్తవారిపేట పోయే దారిలో ఒక ఊరి బోర్డు బడి. పై తరగతులు నావి, శిశుతరగతి నా భార్యది. ఆ పూట ఆమె జ్వరంతో ఆలస్యంగా వచ్చింది, అందుకని చిన్నపిల్లలు నా చేతికి వచ్చారు. వారంలో తనిఖీ ఉంది. వచ్చే ఇన్‌స్పెక్టరు పిల్లల ఇంటి సంగతుల మీదే లెక్కలు అడుగుతాడని విన్నాను. మంచి పద్ధతే అనుకున్నాను.

నా భార్య వచ్చి, నిలబడి ఉన్న పాపను చూసి, నన్నేమీ అడగకుండా నేల మీద కూర్చుంది.

"ఏంది తల్లీ, నిలబడినావు?"

"గొర్రెలెన్నని అడిగినాడు అయివారు."

"నీకు తెలీదా?"

"తెలుసు. చెప్పగూడదు. చెప్తే మంద తగ్గిపోతాదంట. మా తాత చెప్పినాడు."

వెనక నుంచి ఒకడు అందుకున్నాడు. "దానికి రాదు పంతులమ్మా! ఉత్తదే చెప్తాంది!"

"నీ కాలివేళ్లు ఎన్నో చెప్పు నాయనా ముందు," అంది ఆమె. వాడు వంగి చూసుకున్నాడు. అందరూ నవ్వారు.

ఆమె పాప ముందు దోసెడు చింతగింజలు పోసింది. "గొర్రెకొక గింజ పక్కన పెట్టుకో. ఎన్నో నాకు చెప్పద్దు." పాప ఒక్కొక్క గింజా తీస్తూ గొణుక్కుంది: వంకరకొమ్ముది, తెల్లచెవిది, పిల్ల చచ్చిపోయినది. మందను అంకెలతో కాదు, ముఖాలతో ఎరుగును ఆ పిల్ల. లెక్క అయ్యేదాకా నా భార్య గోడవైపు తిరిగి కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో అన్నాను: "తనిఖీలో ఇదే అడిగితే? పదో, పన్నెండో, ఏదో ఒకటి చెప్పమందాం."

"పది కాదని ఆ పిల్లకు తెలుసు గదండీ. బడికి పంపింది అబద్ధం నేర్పమనా?"

"తప్పితే దాని తాత బడి మాన్పిస్తాడు."

అది నిజం. చేర్చిన రోజే ఆ ముసలాయన చెప్పాడు: ఒక ఏడాది చూస్తాను, పై తరగతికి పోతే చదవనీ, లేకుంటే గొర్రెపిల్లల వెంట పోతుంది. ఆ రాత్రి నా భార్య సరిగా తినలేదు. జ్వరం వల్లనే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు పాపను లేపి అదే అడిగాడు.

"తెలుసు. చెప్పను," అంది పాప.

ఆయన మావైపు చూశాడు. నా భార్య లేచింది. "చింతగింజలు లెక్కపెట్టమనండయ్యా, యాభై దాకా పెడ్తాది."

"అడిగినదానికి చెప్పాలమ్మా," అన్నాడాయన. చెడ్డవాడు కాదు. ఇంకా రెండు ఊళ్లు చూడాలి. కాగితం మీద గీత గీసి, పక్క పిల్లవాణ్ణి లేపాడు.

మర్నాడు తాత వచ్చాడు, భుజాన కంబళి, చేతిలో కర్ర. పాప తప్పిందని నేనే చెప్పాను.

"ఏమడిగినారు?"

"గొర్రెలెన్నని."

"చెప్పిందా?"

"చెప్పలేదు," అంది నా భార్య. "అంత పెద్దాయన అడిగినా చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు."

ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించాడు. పాప ఆమె చీర పట్టుకుని ఉంది.

"ఇంకో ఏడు నీకాడనే ఉండనీ తల్లీ," అన్నాడు. "గొర్రెలు యాడికి పోతాయి."

పాప ఆ ఏడూ, ఆ తర్వాత ఐదో తరగతి దాకా మా బడిలోనే చదివింది.

అప్పటి నుంచి, ఎవరు పిల్లను తెచ్చి చేర్చినా, నా భార్య ఒక మాట అడిగేది: "ఇంట్లో మీరు చెప్పద్దన్నది ఏమన్నా ఉందా? తెలీక అడుగుతామేమో." చాలామంది ఏమీ లేదనేవారు. ఒక తల్లి మాత్రం, "వాళ్ల నాయన యాడున్నాడని అడగద్దమ్మా," అంది. నా భార్య అది ఎక్కడా రాసుకోలేదు, మరిచిపోనూ లేదు.

పిల్లల మనసు గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఆమె ఒక్కటీ చదవలేదు. ఆమె పోయి ఏడాది దాటింది.

ఆ బడి ఇంకా ఉంది. పిల్లను చేర్చుకునేటప్పుడు వయసు, కులం, తండ్రి పేరు రాసుకుంటారు. ఏమి అడగకూడదో ఇప్పుడు ఎవరూ అడగడం లేదు.