గంజి పెట్టిన గౌను

ఇప్పుడు ఖరీదైన దుస్తుల కంపెనీని నడుపుతున్నానా, ఏ నిర్ణయానికైనా నలుగుర్నీ అడిగి, నలుగురూ నాలుగు మాటలు చెబితే ఐదో అయోమయంలో పడుతుంటాను. ఆ రోజుల్లో నా అయోమయానికి కూడా బోలెడు ధీమా ఉండేది. ముంబయిలో ట్రైనీ డిజైనర్‌గా చేరి ఆరు నెలలైంది. నా మొదటి నమూనా గౌనుకి అంచు కుట్టడం మిగిలిపోతే, దాన్ని పట్టుకుని సెలవుకి భిలాయి వచ్చాను, అక్కడి రుఆబాంధాలో నాన్నకి స్టీల్ ప్లాంటు వాళ్లిచ్చిన క్వార్టరుకి. సోమవారం పొద్దున వీడియో కాల్‌లో కంపెనీ పెద్ద మేడమ్‌కి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ఇంటికే. (ఇంటికి ముందే వచ్చేశాను కాబట్టి పంపించే శ్రమ కూడా ఆవిడకి లేదు.)

గౌను మెత్తని లినెన్. ఒంటి మీంచి జారుతున్నట్టు ఉండాలి, దాని గొప్పంతా అందులోనే. అంచు కుట్టేసి ఇంట్లో ఉంచి, ఆదివారం పక్కనే చరోదాలో పిన్ని ఇంట్లో పడుకుని, తెల్లారి కాల్‌కి పావుగంట ముందు వచ్చేసరికి అది మంచం మీద అట్టలా బిగుసుకుని ఉంది.

"గంజెట్టి ఇస్త్రీ చేసినానే," అంది అమ్మ మురిసిపోతూ. "ఏటా బట్ట, తడిసిన కోడిలాగ వేలాడిపోతంది! పెద్దావిడకి అలాటిది చూపిస్తే మన పరువేటి కావాల?" అమ్మ దృష్టిలో గంజి లేని బట్ట కట్టుకుని గడప దాటడం, తల దువ్వుకోకుండా పెళ్లికి వెళ్లడం ఒకటే. నాన్న ప్లాంటుకి వేసుకెళ్లే చొక్కాలు కూడా విప్పాక కాసేపు వాటంతట అవే నిలబడేవి.

మేడమ్ గౌను చూసి, "దీన్నిలా గట్టిగా చేసిందెవరు?" అంది ఇంగ్లీషులో. నా నోట్లోంచి "మా మెయిడ్" అని వచ్చేసింది. (మాకు పనిమనిషి లేదు. ఎప్పుడూ లేదు.) పక్కనే ఉన్న అమ్మకి ఇంగ్లీషు రాదుగానీ ఆ ఒక్క మాటా తెలుసు. "పిలువు ఆమెని," అంది మేడమ్. అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని కెమెరా ముందుకొచ్చి, "నమస్తే మేడమ్‌జీ. కామ్‌వాలీ మై హీ హూఁ. గల్తీ మేరీ హై, బేబీ కో కుఛ్ మత్ బోలియే," అంది. పనిమనిషిని నేనే, తప్పు నాదే, పాపనేమీ అనకండి అని!

మేడమ్ గంజి గురించి పది ప్రశ్నలడిగింది. అమ్మ పదకొండు జవాబులు చెప్పింది. చివరికి నాతో, "సరే, ముంబయి రా," అని కాల్ పెట్టేసింది. రమ్మన్నది పనిలోకా, పంపించెయ్యడానికా?

అమ్మనడిగితే, "నన్నడుగుతావేటి? నేను పనిమనిషిని గదా," అని నవ్వుతూ తాలింపు వేసుకుంది. ఆ నవ్వులో కోపముందో లేదో తేలక నాకు ఆ పూట అన్నం సహించలేదు. క్షమించమని అడగాలనిపించింది. సిగ్గేసి అడగలేదు.

ఉద్యోగం నిలిచింది, ఎందుకు నిలిచిందో మాత్రం ఏళ్ల తరబడి అర్థం కాలేదు. నిరుడు మేడమ్ తన కుర్చీ నాకు అప్పగిస్తూ, "గంజి పెట్టిన మీ అమ్మ బాగున్నారా?" అంది. "ఇద్దరి ముక్కూ ఒక్కటే, ఆ రోజే చూశాను. గౌనుకి కాదు, ఆ అబద్ధానికి నిన్ను తీసేద్దామనుకున్నాను. ఆవిడ నీకోసం ఆ అబద్ధంలోకి వచ్చి నిలబడితే చేతులు రాలేదు."

వెంటనే అమ్మకి ఫోన్ చేసి, ఇన్నేళ్లకి, వెక్కుతూ, తప్పయిపోయిందమ్మా అన్నాను.

"ఏ తప్పే? ఆ గౌనా?" అంది అమ్మ. "అది నేను గదే పాడు చేసినాను!"

నిజంగా మరిచిపోయిందో, నన్ను మరిచిపొమ్మంటోందో నాకు ఇప్పటికీ తెలియదు. అంత పెద్ద కుర్చీలో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, ఇది ఏ నలుగుర్ని అడగాలా అని దిక్కులు చూశాను.