బాపు ఆయాసానికి ఇంగ్లిష్ మాట

కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను. మచ్ బెటర్, ఫార్ బెటర్, ఎ లాట్ బెటర్... ఏది రాసినా మార్కు పడుతుంది, వీటికోసం బుర్ర బద్దలు కొట్టుకోకండని పిల్లలకు ధైర్యం చెబుతుంటాను. ఆ ధైర్యమంతా కరీంనగర్ ఆసుపత్రిలో బాపు మంచం పక్కన నీరుగారిపోయింది.

బాపు, అంటే మా నాన్న, బెల్లంపల్లి బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊపిరి సరిగా ఆడక ముందురోజే వార్డులో చేర్చాం. పొద్దున రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరుకు తెలుగు రాదు. రిపోర్టులు అటూ ఇటూగా ఉన్నాయట. నిన్నటికంటే ఎలా ఉందో బాపునే అడగమన్నాడు. ఆయాసం కొంచెం ఎక్కువైతే వార్డులోనే ఉంచుతాడు, బాగా ఎక్కువైతే వెంటనే ఐసీయూకి మారుస్తాడు.

"బాపూ, నిన్నటికంటె ఎట్లున్నది?"

"జర ఎక్కువున్నది. ఫికర్ చెయ్యద్దను."

కొంచెమే అనే ఈ 'జర' వింటేనే నాకు ఒళ్లు మంట. బావిలో ఆయాసమని నోరు జారితే అన్‌ఫిట్ రాస్తారు, నౌకరి పోతుంది. అందుకే అక్కడ అందరికీ బాధను తగ్గించి చెప్పడమే అలవాటు. ఓసారి పైనుంచి బొగ్గు పెళ్ల పడి కాలు విరిగితే, బాపు కుంటుకుంటూ ఇంటికొచ్చి "జర తాకింది" అంటూ అన్నానికి కూర్చున్నాడు. మా అమ్మ తిట్టిన తిట్లు వాడకట్టంతా విన్నది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఎ లిటిల్ వర్స్ అంటే బాపు మాట నిలబెట్టినట్టే. మచ్ వర్స్ అందామంటే, అది డాక్టరు రోజూ వినే మాట, చెవికెక్కుతుందో లేదో. బాపు ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటున్నాడు.

"ఫార్ వర్స్," అన్నాను. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

నా మొహం చూసి ఏదో పసిగట్టిన బాపు, నవ్వుతూ డాక్టరుకు తల అడ్డంగా ఊపాడు.

"ఆర్ యు ష్యూర్?" అన్నాడు డాక్టరు.

"ఆయన అబద్ధమాడుతున్నాడు," అన్నాను ఇంగ్లిష్‌లోనే.

డాక్టరు స్ట్రెచర్ తెమ్మని నర్సుకు చెప్పాడు.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "గాయనకు ఏం జెప్పినవ్ బిడ్డా?"

"చానా ఎక్కువైందని చెప్పిన."

తిట్టించుకోవడానికి సిద్ధపడ్డాను.

"మంచిగ జెప్పినవ్," అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "గా మాట నా నోటితోని చెప్పుడు గాలే" అన్నాడు.